పదిహేనో తారీఖు మొగుడు

విధవగా బతకడాన్ని ఉద్యోగం చేసింది మీరే. ఆ బల్ల వెనకాల ఫ్యాను గాలికి చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నవాళ్ళు, ఆ గోడ మీద ఫొటోల్లో పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నవాళ్ళు, ఆ నవ్వులకి దండం పెట్టుకుని మా వీధిలో కాలరెగరేసుకు తిరిగే మా సొంతవాళ్ళు, మీరందరూ కలిసి చేశారు ఈ పని. మొగుడు చచ్చిన ఆడదానికి కడుపుంటుందని తెలుసుకున్నారు, మంచిదే, ఆ కడుపు పక్కన ఇంకా బతుకంతా ఉంటుందని మాత్రం తెలుసుకోలేదు, నెలకోసారి పిలిచి నీ మొగుడు ఇంకా చచ్చే ఉన్నాడా అని అడుగుతారు, ఆఁ బాబూ, ఇంకా చచ్చే ఉన్నాడు అని మేం చెప్పాలి, అప్పుడు చేతిలో పెడతారు. తిట్టుకోడానికి వాడే మాటని తీసుకెళ్ళి మీరు అర్హత అని రాసుకున్నారు. ఇలా అనుకుంటోంది పుణ్యవతి. పైకి అనడం లేదు, ఇంకా అనలేదు, పళ్ళ మధ్య బిగించి పట్టుకుని కూర్చుంది. బరంపురంలో ఎండ ఇంకా నెత్తికెక్కలేదు గానీ వార్డు ఆఫీసు వరండాలో సిమెంటు అరుగు అప్పుడే వేడెక్కింది, చీర కిందనుంచి చురుక్కుమంటోంది, ఒళ్ళో పెట్టుకున్న చేతులకి ఇంగువ వాసన. అప్పడాల కార్ఖానాలో తెల్లారకుండానే ఒక వాయి ఒత్తేసి, ఇంటికెళ్ళి స్నానం చేసి ఇటు వచ్చింది, ఎంత తోమినా ఆ వాసన పోదు, ఇంట్లో ఉన్న పైడయ్యేమో నీ చేతి వాసనొస్తే చాలు అన్నం పెట్టకపోయినా పర్లేదంటాడు, ఆ మాట గుర్తొచ్చి ఇప్పుడు నవ్వు రాకూడదు, నవ్వొస్తే కోపం చెడిపోతుంది, ఈ కోపాన్ని చెడిపోకుండా లోపలి గది దాకా మోసుకెళ్ళాలి.

గేటు పక్కన కరెంటు స్తంభం ఉంది. హల్దియాపదర్ తెలుగు వీధి ఆడవాళ్ళందరికీ ఆ స్తంభం సంగతి తెలుసు, మగవాళ్ళకీ తెలుసు గానీ చూడనట్టు పోతారు. ప్రతి పదిహేనో తారీఖునా విధవ భత్తాకి, సర్కారిచ్చే నెల డబ్బుకి, వచ్చే వయసు ఆడవాళ్ళు గేటు దాకా బొట్టుతోనే వస్తారు, అక్కడ ఆగి నుదుటి మీద బొట్టుబిళ్ళ గోటితో ఊడదీసి ఆ స్తంభానికి అంటిస్తారు, గాజులుంటే తీసి కొంగులో ముడేస్తారు, లోపలికెళ్ళి వేలిముద్ర వేసి, తీసుకున్నది తీసుకుని బయటికొచ్చి మళ్ళీ ఎవరి బిళ్ళ వాళ్ళు పీక్కుని పెట్టుకుంటారు. ఒకరి బిళ్ళ ఒకరికి మారిపోతుంది ఒక్కోసారి, నాది మెరుపుది, నీది మెరూనుది అని అక్కడే చిన్న గొడవ, నవ్వులు. కొందరు మరిచిపోయి వెళ్ళిపోతారు, అవి అలాగే ఉండిపోతాయి, వానకి ఊడవు, ఎండకి రంగు పోతుంది, దూరం నుంచి చూస్తే స్తంభానికి అమ్మవారు సోకినట్టుంటుంది. ఏళ్ళ తరబడి పుణ్యవతి కూడా అంటించింది, ఆడవాళ్ళతో కలిసి నవ్వింది, అందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉందా అని ఆలోచించనైనా లేదు. చెరువు గట్టున చెప్పులు విడిచినట్టు విడిచేది. ఇవాళ మాత్రం స్తంభం దగ్గర ఆగలేదు. ఎర్ర బిళ్ళ, పెద్దది, కావాలనే పెద్దది పెట్టుకుంది, రెండు చేతులకీ గాజులు నిండా వేసుకుంది, నడుస్తుంటే చప్పుడవుతున్నా కొంగు కప్పుకోలేదు, వరుసలో ఉన్న ఆడవాళ్ళు ఆ చప్పుడుకి తిరిగి చూసి నోళ్ళు నొక్కుకున్నారు, ఒకత్తె తన నుదురు తడుముకుంది, బిళ్ళ తియ్యడం మరిచిపోయానేమో అన్నట్టు.

లోపల గుమాస్తా ఆ బొట్టు చూసి కళ్ళు దించుకున్నాడు పాపం, చూడకూడనిది చూసినట్టు. వాడు ఒడియావాడే గానీ తెలుగు బాగానే వస్తుంది, బరంపురంలో బతికినవాడికి రెండూ రావాలి. బాబూ, నా భత్తా ఆపేయండి అంది పుణ్యవతి. రాలేదా, ఏ నెలది రాలేదు అన్నాడు వాడు. రాలేదని కాదు, వస్తోంది, అది ఆపేయండి. వాడికి అర్థం కాలేదు. భత్తా ఆగిపోయిందని వస్తారు, ఏడుస్తారు, కాళ్ళు పట్టుకుంటారు, వేలిముద్ర పడ్డం లేదని గోడకేసి వేలు రాసుకుంటారు, అదంతా వాడికి తెలిసిన పని, ఆపమని వచ్చినవాళ్ళని వాడెప్పుడూ చూడలేదు. కాహింకి బంద కరిబ, మాఉసీ, ఎందుకాపడం, పిన్నీ, ఎవరైనా ఏమైనా అన్నారా అన్నాడు. నాకొద్దు అంది. వద్దంటే తీసుకోకు, ఇంట్లో కూర్చో, అదే పోతుంది అన్నాడు. తీసుకోకుండా ఊరుకోడం కాదు బాబూ, నేను వద్దన్నానని మీరు రాయాలి. వాడు తల గోక్కున్నాడు. బస, బస, సాహెబ్ వచ్చాక చూద్దాం, బయట కూర్చో. అదీ సంగతి. ఇయ్యడానికైతే వాడి చెయ్యి చాలు, ఆపడానికి సాహెబ్ రావాలి. ఇవ్వనందుకు వీళ్ళని తిట్టొచ్చు, మొరపెట్టుకోవచ్చు, గేటు ముందు కూర్చోవచ్చు, అన్నిటికీ దారుంది, వద్దన్నదానికి మాత్రం దారి లేదు, వద్దన్న మనిషి మీద అనుమానం, దీనికెక్కణ్ణుంచో వస్తోంది, ఎవడో ఇస్తున్నాడు, ఎవడు వాడు, ఆ చూపు గుమాస్తా కళ్ళల్లో దించుకోకముందు కనబడనే కనబడింది.

ఈ భత్తా అనే మాటతో ఆవిడకి మొదటి రోజు నుంచీ తగువే. పుణ్యవతి పుట్టింది సరిహద్దుకి అటుపక్క, ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో, పెళ్ళయి బరంపురం వచ్చేనాటికి ఒడియా ముక్క రాదు. మొగుడి పేరు కొండలు, సూరత్ వెళ్ళి మగ్గాల మిల్లులో పనిచేస్తూ అక్కడే జ్వరంతో పోయాడు. మంచివాడే, మంచివాడు కాబట్టే ఆ చావుని ఇన్నాళ్ళు వాడుకున్నందుకు ఇవాళ ఇంత మంట. కొండలు తమ్ముడు ఢిల్లీశ్వరరావు, అప్పటికే వార్డులో పనులు చేయించే మనిషి, వదినని ఈ ఆఫీసుకే తీసుకొచ్చి నిలబెట్టాడు. అప్పుడున్న ఆఫీసరు మెత్తగానే అడిగాడు, మాఉసీ, భత్తా దరకార కి అని. దరకార అంటే కావాలా అని ఆవిడకి అప్పటికే తెలుసు, బజార్లో విన్నదే. భత్తా అంటే భత్యం అని తెలియదు. ఏడుపుతో దిబ్బడేసిన చెవులకి బత్త అని వినబడింది. ఇంట్లో ఎవరూ పలకని మాట, మొగుడనో పెనిమిటనో అంటారు తప్ప భర్త అనరు, పెళ్ళి పత్రికల్లో చదవగా విన్న మాట. పోయినవాడి ఎముకలు నీళ్ళలో కలిపి ఇంకా ఆ తడి ఆరలేదు, ఈ పెద్దమనిషి బత్త కావాలా అని అడుగుతున్నాడు. పుణ్యవతి కాలి చెప్పు తీసింది. బత్త గావాలేటని అడుగుతావా, నీ ఇంట్లో ఆడోలకి ఎల్లి అడుగు, నీ యమ్మకడుగు అని పైకి లేచింది. ఢిల్లీశ్వరరావు మధ్యలో అడ్డం పడ్డాడు, ఆఫీసరు బల్ల కిందకి దూరాడు, తర్వాత అందరికీ విషయం తెలిసి ఆఫీసంతా పడీ పడీ నవ్వింది, వీధి వీధంతా నవ్వింది, ఆనాటి నుంచి హల్దియాపదర్ తెలుగు వీధిలో భత్తాకి ఇంకో పేరు లేదు. పదేనో తారీకు మొగుడు. నీ మొగుడొచ్చినాడేటే ఈ నెల. వచ్చినాడు, నూనె తెచ్చినాడు. నా మొగుడికి వేలు సూపిత్తే గుర్తుపట్టనేదు, మిషన్ ఎర్రగా సూసినాది. అప్పడాలు ఒత్తేవాళ్ళకి ఆ పిండిలో వేసే సోడాకారంతో వేళ్ళు నునుపు తేలిపోతాయి, పుణ్యవతి బొటనవేలు మీద గీతలెప్పుడో అరిగిపోయాయి, ఆ మొగుడు ఆవిణ్ణి చాలాసార్లు గుర్తుపట్టలేదు. అందరూ నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది, తను తప్పు విన్నందుకు. ఇప్పుడు ఈ అరుగు మీద కూర్చుంటే తెలుస్తోంది, తను తప్పు వినలేదు. ఆ పెద్దమనిషి అడిగింది అదే. భర్త కావాలా అనే అడిగాడు. ఇచ్చింది భర్తనే. ఒంటి మీద చెయ్యి వెయ్యడు, కష్టమా సుఖమా అని అడగడు, నెలకోసారి వస్తాడు, వచ్చి బొట్టెందుకు పెట్టావు, ఇంట్లో ఎవడున్నాడు, తలుపెందుకు వేసుంది అని అడుగుతాడు, ఏడాదికోసారి ఇంకొకడి మొహం చూడలేదని ఒట్టేయించుకుంటాడు. కొండలు బతికున్న రోజుల్లో ఒక్కసారి కూడా ఇలా అడగలేదు.

పక్కన అరుగు మీద అప్పలనర్సమ్మ చతికిలబడింది, కళ్ళు సరిగా ఆనవు, గాజుల చప్పుడు విని ఎవరో పోల్చుకుంది. ఓలమ్మ, పున్నెవతివేటే, పెళ్ళికూతురునాగ ఆ సప్పుడేటే అంది. బత్తా ఒద్దని సెప్పడానికొచ్చినాను మామ్మా అంటే ముసలామె కాసేపు దవడలు ఆడించింది. ఒద్దనడానికి కూడా వరుసేనా, నాను గావాలని నిలబడితే వరుస, నువ్వు ఒద్దని నిలబడితే వరుస, ఈల్లకి వరసలంటే ఎంత ఇష్టమే అని నవ్వింది. ఆ ముసలామెకి పళ్ళు లేవు, నవ్వితే గాలి వస్తుంది. తర్వాత మెల్లిగా అంది, నాది మాత్తరం పోగొట్టకే, నా కంటిమందుకి అదే దిక్కు. ఈవిడ దగ్గర లాక్కుందామని ఎవరొచ్చారు, నేనొచ్చానా, నాది నాకొద్దంటే ఈవిడెందుకు భయపడాలి అనుకుంది పుణ్యవతి. కానీ భయపడుతుంది, అదే వీళ్ళు చేసిన గొప్ప పని, ఒకత్తె నోరు తెరిస్తే పదిమంది కంచాలు వణికేట్టు ముడేశారు. ముసలామెకి ఇవ్వాలి, ఇప్పుడిస్తున్నది కాదు, కడుపు నిండేంత ఇవ్వాలి, కళ్ళు పోయాయి కాబట్టి ఇవ్వాలి, జన్మంతా ఇళ్ళల్లో అంట్లు తోమి నడుం వంగిపోయింది కాబట్టి ఇవ్వాలి, ఆవిడ మొగుడు ఎప్పుడో చచ్చాడని కాదు, ఆ మొగుడు బతికుండగా తాగొచ్చి ఈవిణ్ణి ఎలా కొట్టేవాడో వీధి వీధికీ తెలుసు, ఆ మనిషి పేరు చెప్పుకుంటే తప్ప ఈవిడ కంట్లో చుక్క మందు పడదు.

నాయనమ్మకి ఈ భత్తా లేదు. లేదు కాబట్టే నేనున్నాను, అనుకుంది పుణ్యవతి, ఇదెప్పుడూ ఇలా తట్టలేదు. నాయనమ్మ మొదటి మొగుడు ఏట్లో పడి పోయాడు, ఏడాది తిరగకుండా కుల పెద్దలు కూర్చుని మారుమనువు చేశారు, మేళం లేదు, పందిరి లేదు, వచ్చినవాడు కొత్త చీర పెట్టాడు, గాజులు తొడిగాడు, పెద్దల ముందు ఇది నా ఆడది, దీని మంచీ చెడ్డా నాది అన్నాడు, కల్లు తాగి లేచారు, అంతే. ఆ వచ్చినవాడే పుణ్యవతి తాత. నాయనమ్మ ఆ చీర సంగతి చెబుతుంటే మొహంలో ఏ జంకూ ఉండేది కాదు, నీలం చీర, అంచుకి పసుపు గీత, తాతకి బేరం చెయ్యడం రాదు, మోసపోయి కొన్నాడు అని నవ్వేది. మారుమనువు అంటే తప్పు కాదు ఆ పల్లెలో, మనువే, రెండో మనువు, దానికో పేరుంది, పద్ధతుంది, తగువొస్తే తీర్చే మనుషులున్నారు. పొలంలో పనిచేసే కులాలకి అదే బతుకు, వయసులో ఉన్న మనిషిని మూల కూర్చోబెట్టి పోషించే తాహతు ఎవరికుంది. ఇప్పుడేమైంది. పోయిన నెల కుల పెద్ద అసిరయ్య దగ్గరికి వెళ్ళి నాకూ మారుమనువు చెయ్యమని అడిగితే, ఆయన బీడీ ఆర్పేసి, మారుమనువేటే ఇప్పుడు, ఎవులు సేసుకుంటన్నారు, ఉత్తినే బత్తా పోద్ది గదా అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడు. తాతల నాటి నుంచి ఆడదానికి ఉన్న ఒక్క దారి, దాని మీద గడ్డి మొలిపించింది ఎవరు, కుల పెద్దలా, సర్కారా, ఇద్దరూ చేతులు కలిపే చేశారు, ఈయనకి పరువు మిగిలింది, వాళ్ళకి లెక్క మిగిలింది. మన కులం పైకొచ్చిందే, మనోల్లలో ఇప్పుడు విధవలు విధవల్లాగే ఉంటన్నారు అని కూడా అన్నాడు ఆయన, గొప్పగా. పెద్ద కులాలవాళ్ళు వదిలేస్తున్న కుళ్ళు బట్టని వీళ్ళు తెచ్చుకుని పండగ బట్టలా కట్టుకున్నారు. విధవలు విధవల్లాగే ఉండటం లేదు అసిరయ్య మావా, నీకు తెలుసు, నీ ఇంటి వెనక రెండో గుమ్మంలో ఏముందో నీకు తెలుసు, ఉంటున్నారు, అందరూ ఎవరో ఒకరితో ఉంటున్నారు, గుట్టుగా, వెనక వాకిలి నుంచి, పిల్లలు పుడితే మేనత్త పిల్లలని చెప్పుకుంటూ, వాడు వదిలేసి పోతే అడగడానికి నోరు లేక. మారుమనువు ఉన్నప్పుడు వదిలేసినవాణ్ణి పెద్దల ముందు నిలబెట్టి తన్నేవాళ్ళు.

పైడయ్య వెనక వసారాలో అద్దెకుంటున్నాడని వీధిలో చెప్పుకోడం. రంభ ఊరి మనిషి, చిలికా సరస్సు పీతలు బుట్టల్లో వేసుకుని తెల్లారే రైలుకి వచ్చి అమ్ముకునేవాడు, భార్య పోయింది, పిల్లలు లేరు, కార్ఖానా గుమ్మంలో ఎండకి నిలబడితే పుణ్యవతి మంచినీళ్ళిచ్చింది, అలా మొదలయింది, ఎలాగైతేనేం. ప్రతి పదిహేనో తారీఖుకీ ముందురోజే రంభ పోయేవాడు, ఎవరూ పొమ్మనకుండానే, అదొక అలవాటైపోయింది, పండక్కి సున్నం వేసినట్టు ఇంట్లోంచి మగవాణ్ణి తుడిచేసేవాళ్ళు. కిందటి నెల చెప్పాపెట్టకుండా తనిఖీవాళ్ళొచ్చారు, సందు మొగలో జీపు ఆగింది, పైడయ్య అప్పుడే పీతలు అమ్మి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఏం చెప్పకుండానే నీళ్ళగది తడికె వెనక్కి పోయి, తీగ మీద ఆరేసిన తడిచీర వెనకాల నిలబడ్డాడు, యాభై ఏళ్ళు దగ్గరపడ్డ మనిషి, ఊపిరి బిగబట్టి. తనిఖీకొచ్చిన అమ్మాయి చదువుకున్నదే, మంచిగానే మాట్లాడింది, ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉన్నారా అంది, ఎవరూ లేరు, ఈ లుంగీ ఎవరిది, మా మరిదిది. ఆ చీర కింద నుంచి అతని పాదాలు కనబడుతున్నాయి. తడి పాదాలు. ఆ అమ్మాయి చూసిందో లేదో, చూసే ఉంటుంది, రాసుకుని వెళ్ళిపోయింది. జీపు చప్పుడు పోయాక పైడయ్య చీర తప్పించి, ఎల్లిపోనాడేటే నీ బత్త అన్నాడు. ఇద్దరూ నవ్వారు, గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళొచ్చేట్టు నవ్వారు. తర్వాత అతను అన్నం తినలేదు. పొద్దున్న బుట్టలకి తాడు కట్టుకుంటూ, మొహం చూడకుండా చెప్పాడు. పీతకైతే బొరియలో దాగుంటే సిగ్గుండదే, నాకుంది. పై నెల నాను దాగోను, ముందురోజు ఎల్లను కూడా. నువ్వు నన్నుంచుకున్నావంటే సెప్పీ, బుట్టలు సదురుకుని రంభ ఎల్లిపోతాను, మళ్ళీ రాను. మనువాడతావంటే వాకిట్లో కుర్సీ ఏసుకుని కూకుంటాను, ఎవులొత్తారో రానీ. ఏటో ఒకటి సెప్పు. అరవలేదు, నెమ్మదిగానే చెప్పాడు, అందుకే అది బెదిరింపు కాదని ఆవిడకి తెలుసు, పోతానన్నవాడు పోతాడు. ఇవాళ పొద్దున్న ఆవిడ ఇంట్లోంచి వచ్చేటప్పుడు అతను వాకిట్లో కుర్చీ వేసుకోలేదు, గుమ్మం లోపల నిలబడి ఉన్నాడు, అటూ కాకుండా ఇటూ కాకుండా, బుట్టలు తాడు కట్టి గోడ వారగా ఉన్నాయి. ఆ గుమ్మం దాటించాల్సింది నేను. ఎంత మంచివాడివయ్యా, ఈ పాటికి కాళ్ళు లాగుతూ ఉంటాయి నీకు.

వొదినా అని వినబడింది. ఢిల్లీశ్వరరావు వచ్చేశాడు, ఎవరో ఫోను చేసి ఉంటారు, తెల్ల చొక్కా, జేబులో నాలుగు పెన్నులు, స్కూటరు ఇంకా ఆపకుండానే దిగాడు. ఈ బొట్టేటి వొదినా, నా పరువేటి గావాలి అన్నాడు. నీ పరువు నా నుదుటి మీద ఉందని తెలిస్తే ముందే తుడిసీ ఇచ్చీసేదాన్ని మరిదీ అంది. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అతను గొంతు తగ్గించాడు, పక్కన కూర్చున్నాడు, అరుగు వేడికి మళ్ళీ లేచాడు. ఎవులేటన్నారు నిన్ను, ఉంటన్నావు గదా, నానేమైనా అన్నానేటి, అన్నయ్య పోనాడు, నీ బతుకు నీది, ఉండు, నోరు మూసుకుని ఉండు, అంతే గదా అన్నాడు. అంతే గదా. ఇతను చెడ్డవాడు కాదు, సూరత్ వెళ్ళి అన్న ఎముకలు తెచ్చింది ఇతనే, ఈ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి భత్తా తెచ్చిందీ ఇతనే, అందుకే ఇతనికి ఇవాళ నష్టం, తను భత్తాలు తెచ్చిపెట్టిన లెక్కలో విధవ ఒకత్తె తగ్గిపోతుంది. అదిగాదు వొదినా, నువ్విలాగ బయటపడ్డావనుకో, మిగతా ఇళ్ళు కూడా ఎతుకుతారు, ఎన్ని ఇళ్ళల్లో లుంగీలున్నాయో నీకు తెల్దా అన్నాడు. ఇది మాత్రం వరుసంతా వినబడేట్టు అన్నాడు. అప్పటిదాకా నవ్విన ఆడవాళ్ళు నవ్వు ఆపేశారు. నీకు మొగుడు దొరికితే మా నోట్లో మట్టి కొడతావేటే అని విజయకుమారి అంది, రెండిళ్ళ అవతల ఉంటుంది, తన బిళ్ళ ఇప్పుడు స్తంభానికి ఉంది, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అప్పడాలు ఒత్తుతారు, ఆకలేస్తే ఒకే కంచంలో తింటారు. అంత బిగుసుకుపోయిన విజయకుమారి మొహాన్ని పుణ్యవతి ఎప్పుడూ చూడలేదు. దాన్ని దాని మానాన ఒగ్గీండే అని అప్పలనర్సమ్మ గొణిగింది గానీ ఎవరూ వినలేదు. ఢిల్లీశ్వరరావు అప్పుడు తన తెలివంతా బయటకి తీశాడు. నువ్వు గావాలంటే మానీ, నాను ఒద్దన్ను, రంభ ఎల్లిపోయినాదని రాయించీస్తాను, ఊరిడిసి పోనాది అంటే ఎవులూ ఏటీ అడగరు, నీ బత్తా పోద్ది, మిగతోల్లకేటీ గాదు, ఆడితో నువ్వక్కడికి ఎల్లిపో, అందరికీ బాగుంటాది.

అందరికీ బాగుంటుంది. ఎంత చక్కగా కుదిరిందో చూడు. నేను పోతే అందరికీ బాగుంటుంది. నేనెందుకు పోవాలి, ఈ వీధిలో కొళాయి కోసం బిందెలు మోసిందెవరు, కార్ఖానాలో కూలి పెంచమని ఆ ముసలి సేఠు ముందు నిలబడిందెవరు, విజయకుమారికి కాన్పు కష్టమైతే ఆ చివర అంకులి దాకా పరిగెత్తి ఆటో తెచ్చిందెవరు, నేను ఊరొదిలి పోయినదాన్ని ఎలా అవుతాను, పోయినవాడు కొండలు, నేనిక్కడే ఉన్నాను. వీళ్ళు బతికుండగానే నన్ను వీధిలోంచి తుడిచేస్తారు గానీ నోటితో మారుమనువు అన్న మాట అనరు. ఆ ఒక్క మాట. దొంగతనమైతే సర్దుకుంటారు, అబద్ధమైతే సర్దుకుంటారు, వెనక వాకిలైతే అందరూ కలిసి కాపలా కాస్తారు, ముందు వాకిట్లో కుర్చీ వేసుకుంటానంటే మాత్రం భూమి బద్దలవుతుంది. విజయా, నీ కోపం నామీదెందుకే, నీ బిళ్ళని స్తంభానికి అతికించింది నేనా. నీ ఇంట్లో ఉన్నవాడు రేపు పోతే నువ్వెవరితో చెప్పుకుంటావే, ఆ స్తంభంతో చెప్పుకుంటావా. ఇదంతా చెప్పాలనుకుంది, విజయ మొహం చూస్తే ఏడుపు వచ్చేట్టుంది, అందుకని చెప్పలేదు, లోపల సాహెబ్ వచ్చాడు రమ్మంటున్నాడు అని గుమాస్తా కేక వేశాడు, గాజులు చప్పుడు చేసుకుంటూ లేచింది.

సాహెబ్ కుర్రాడు, కటక్ నుంచి కొత్తగా వచ్చాడట, తెలుగు రాదు. కుర్చీ చూపించాడు, కూర్చోమన్నాడు, ఈ గదిలో ఇన్నేళ్ళలో ఆవిణ్ణి కూర్చోమన్నవాడు ఇతనొక్కడే, కోపం కాస్త సడలబోయింది, ఆవిడ మళ్ళీ బిగించుకుంది. వెనకాలే ఢిల్లీశ్వరరావు వచ్చి గుమాస్తా చెవిలో రంభ అని ఏదో ఊదుతున్నాడు. సాహెబ్ వినలేదు, లేదా విని పట్టించుకోలేదు, ఆవిడ వైపే చూసి ఏదో రాశాడు. ఏం రాశావు బాబూ అని ఒడియాలో అడిగింది, ఇప్పుడు ఆవిడకి ఒడియా వచ్చు, తిట్టడానికి కూడా వచ్చు. స్వేచ్ఛారె ఛాడిలి అని రాశాను మాఉసీ, కారణం అక్కర్లేదు, నీకు ఇబ్బంది లేకుండా అన్నాడు. నా అంతట నేనే వదిలేశాను అని దానర్థం, తెలుసు, అయినా చెవికి ముందు తగిలింది తెలుగే, స్వేచ్ఛ. స్వేచ్ఛగా వదిలానా నేను. నీళ్ళగదిలో తడిచీర వెనకాల నిలబడ్డ పాదాలు స్వేచ్ఛా. గుమ్మం లోపల నిలబడి కాళ్ళు లాగుతున్న మనిషి స్వేచ్ఛా. ఇబ్బంది లేకుండా అంటున్నాడు, మంచివాడే, వీడూ మంచివాడే, అందరూ మంచివాళ్ళే, మంచివాళ్ళందరూ కలిసి కారణం అక్కర్లేదంటున్నారు. స్వేచ్ఛగా కాదు బాబూ, కోపంగా అని తెలుగులో అంది. అతనికి అర్థం కాలేదు. గుమాస్తా ఒడియాలో చెప్పాడు, చెప్పి తనే తల దించుకున్నాడు. కిటికీ అవతల వరుస ఆగిపోయింది, ఊచల మధ్య నుంచి మొహాలు, అందులో విజయకుమారి మొహం. పుణ్యవతి కుర్చీలోంచి లేచింది, సాహెబ్ వైపు కాదు, కిటికీ వైపు తిరిగి, వాళ్ళ భాషలో కాకుండా తన భాషలోనే మొదలెట్టింది, గుమాస్తా మార్చి చెప్పుకుంటాడు, అది వాడి పని.

"ఆ రాసింది కొట్టీ. పున్నెవతి బతికే ఉన్నాది, హల్దియాపదర్‌లోనే ఉన్నాది, ఎక్కడికీ ఎల్లనేదు. పైడయ్యని మారుమనువు సేసుకుంటన్నాది, అందుకు బత్తా ఒద్దంటన్నాది అని రాయి. మారుమనువు అని మా మాటే రాయి, నీకు అచ్చరాలు రాపోతే నాను పలుకుతాను, నువ్వు ఎయ్యి. మరిదీ, నువ్వు సాచ్చి సంతకం పెట్టు, నీ అన్న ఎముకలు తెచ్చినోడివి నువ్వే, నువ్వే పెట్టాల. రాసినాక కిటికీ కాడికొచ్చి ఈలందరికీ ఇనబడేలాగ సదువు. ఆ తరవాత, ఇంట్లో మొగోడు నేడని ఏడాదికోపాలి ఒట్టేయించుకుంటన్నారే, ఆ ఒట్టు తీసీండి. అప్పలనర్సమ్మ మామ్మకి కళ్ళు నేవు, అందుకియ్యండి. విజయకి కూలి సాలదు, అందుకియ్యండి. కడుపు సూసి ఇయ్యండి, ఇంట్లో లుంగీ ఉన్నాదా నేదా అని కాదు. ఒట్టు తీసీ అదికారం నీకు నేదంటావు, నాకు తెలుసు. ఎవుడికున్నాదో ఆడి పేరు సెప్పు, ఎక్కడుంటాడో సెప్పు, ఈలందర్నీ తోలుకుని నానే ఎల్తాను. ముందు నాది రాయి."